జిరా నుంచి స్నోఫ్లేక్‌కి డేటా వస్తోంది, లెక్క మాత్రం కలవట్లేదు: 113 టికెట్లు ఎటు పోయాయి?

కొత్తకుండ | సోమవారం, ఉదయం 10:12

అందరికీ నమస్కారం. మా టీమ్ పనులన్నీ జిరా క్లౌడ్‌లో (ఒక్కో పనికి ఒక్కో టికెట్ పెట్టే సాఫ్ట్‌వేర్) నడుస్తాయి, మిగతా డేటా అంతా స్నోఫ్లేక్‌లో (క్లౌడ్ డేటాబేస్) ఉంటుంది. మేనేజర్ గారికి రెండూ ఒకే డ్యాష్‌బోర్డులో కావాలన్నారు. సరేనని మూడు నెలల క్రితం పైథాన్‌లో స్క్రిప్టు రాశాను. రోజుకోసారి, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అర్ధరాత్రికి, నిన్నటి నుంచి మారిన టికెట్లను ఏపీఐ (ప్రోగ్రాములు డేటా అడిగే దారి) ద్వారా తెచ్చి, జేసన్ ఫైళ్లుగా స్టేజ్‌లో (స్నోఫ్లేక్‌లో ఫైళ్లు దించే చోటు) పడేసి, కాపీ కమాండ్‌తో ఒక వేరియంట్ కాలమ్‌లోకి (జేసన్‌ని ఉన్నదున్నట్టు పట్టే కాలమ్) ఎక్కించి, అక్కడి నుంచి అసలు టేబుల్‌లోకి మెర్జ్ చేస్తుంది, అంటే ఉన్న వరుసని మార్చి, లేనిదాన్ని కొత్తగా వేస్తుంది. ఇప్పటిదాకా ఒక్క ఎర్రర్ లేదు, రోజూ పచ్చ టిక్కే.

మొన్న డ్యాష్‌బోర్డు చూపించగానే మొదటి ప్రశ్న: "జిరాలో 10,450 ఉన్నాయి, నీ దాంట్లో 10,337 ఏంటి?" 113 తక్కువ. సింక్ కాస్త ఆలస్యం అండీ అని అప్పటికి తప్పించుకున్నాను కానీ ఇవాళ చూసినా అదే తేడా. బుధవారం మళ్లీ మీటింగ్, టెన్షన్‌గా ఉంది. ఈ స్క్రిప్టు పక్కన పడేసి ఫైవ్‌ట్రాన్, ఎయిర్‌బైట్ లాంటి, డేటాని తనే తెచ్చిపెట్టే రెడీమేడ్ కనెక్టర్‌కి మారిపోతే ఈ గోల వదులుతుందా? మీరంతా ఏం వాడుతున్నారు?

పట్టికలపిచ్చి | సోమవారం, ఉదయం 10:40

మారిపోండి. నేను రెండేళ్లు సొంత స్క్రిప్టు మోశాను, ఇక వద్దనుకున్నాను. జిరా పాత సెర్చ్ ఎండ్‌పాయింట్‌ని (ఏపీఐలో టికెట్లు వెతికే చిరునామా) తీసేస్తున్నామని 2024 అక్టోబర్‌లోనే చెప్పారు, 2025లో ఆపేశారు. ఆ నోటీసు చదవకపోవడం మా తప్పే, ఒకరోజు పొద్దున లేచేసరికి జాబ్ పడిపోయి ఉంది. కొత్తదాంట్లో ఎన్నో టికెట్ నుంచి కావాలో చెప్పే స్టార్ట్ఎట్ లేదు, ప్రతి పేజీతో వచ్చే నెక్స్ట్ పేజ్ టోకెన్ పట్టుకుని ముందుకెళ్లాలి. మొత్తం ఎన్ని ఉన్నాయో చెప్పే టోటల్ కూడా రాదు. ఏ ఫీల్డులు కావాలో మీరు చెప్పకపోతే ఐడీ తప్ప ఇంకేం ఇవ్వదు. ఇలాంటి మార్పుల వెంట పడే పని కనెక్టర్ వాళ్లకి వదిలేయండి, మీకు నిద్ర మిగులుతుంది.

కాకపోతే బిల్లు ఎలా లెక్కేస్తారో ముందే చూసుకోండి. ఫైవ్‌ట్రాన్ లాంటివి ఆ నెలలో కదిలిన వరుసల్ని బట్టి వేస్తాయి. జిరాలో ఎవరో ఒకరు బల్క్ ఎడిట్ కొట్టారంటే వేల టికెట్లు ఒక్కసారిగా కదులుతాయి.

మాటలుతక్కువ | సోమవారం, ఉదయం 10:44

సేమ్ ప్రాబ్లమ్. ఫాలో అవుతున్నా.

లెక్కలతల్లి | సోమవారం, ఉదయం 11:25

కొత్తకుండ గారూ, కనెక్టర్ మార్చడం తర్వాత. రోగం తెలియకుండా డాక్టర్ని మారిస్తే ఏం లాభం చెప్పండి. ముందు ఆ 113ని ప్రాజెక్టుల వారీగా విడగొట్టి ఇక్కడ పెట్టండి. మొత్తం చూస్తే ఏమీ తెలియదు. ఒకచోట ఎక్కువ, ఇంకోచోట తక్కువ ఉండి ఒకదాన్నొకటి మింగేస్తుంటాయి.

ఇంకో ప్రశ్న, మీ మెర్జ్ దేని మీద? టికెట్ కీ (పైకి కనిపించే, ప్రాజెక్టు పేరుతో ఉండే నంబర్) మీదా, లోపలి ఐడీ మీదా?

కొత్తకుండ | సోమవారం, మధ్యాహ్నం 12:10

అమ్మో. మీరన్నట్టే ఉందండీ.

బిల్లింగ్ ప్రాజెక్టు: జిరాలో 8,140, నా టేబుల్‌లో 8,263. అంటే 123 ఎక్కువ!
సెక్యూరిటీ ప్రాజెక్టు: జిరాలో 2,310, నా టేబుల్‌లో 2,074. 236 తక్కువ.

జిరా అంకెలు మేనేజర్ గారి లాగిన్‌లో చూసినవి. తేడా 113 అనుకున్నాను, తీరా చూస్తే 359 తప్పులు. ఉన్నవాటికంటే ఎక్కువ ఎలా వస్తాయో నాకర్థం కావట్లేదు. మెర్జ్ టికెట్ కీ మీదే చేస్తున్నాను, కీ యూనిక్కే కదా?

నిద్రలేనిసర్వర్ | సోమవారం, మధ్యాహ్నం 12:31

బ్రో, అక్కడే దొరికిపోయావ్. కీ ఏ క్షణానికైనా యూనిక్కే, కానీ శాశ్వతం కాదు. టికెట్‌ని ఒక ప్రాజెక్టు నుంచి ఇంకోదానికి మూవ్ చేస్తే కీ మారిపోతుంది, లోపలి ఐడీ మాత్రం అలాగే ఉంటుంది. నీ మెర్జ్‌కి ఆ కొత్త కీ ఎప్పుడూ చూడని టికెట్‌లా కనిపించి కొత్త వరుస వేస్తుంది. పాత కీతో ఉన్న వరుసని ఎవరూ ముట్టుకోరు, అది బిల్లింగ్‌లో దెయ్యంలా తిరుగుతూ ఉంటుంది. మొత్తం వరుసల కౌంట్, విడి ఐడీల కౌంట్ తీసి చూడు, తేడా ఎంతో అన్నే మూవ్ అయినవి.

మిగిలిన ఎక్కువ డిలీట్ అయినవి అయ్యుంటాయి. "నిన్నటి నుంచి మారినవి ఇవ్వు" అని అడిగితే జిరా ఉన్నవాటినే ఇస్తుంది. లేనిదాన్ని 'నేను లేను' అని ఎవరు వచ్చి చెప్తారు?

కొత్తకుండ | సోమవారం, మధ్యాహ్నం 2:05

ఐడీల తేడా సరిగ్గా 35, అన్నీ బిల్లింగ్ నుంచి వేరేచోటికి వెళ్లినవే. మెర్జ్‌ని ఐడీ మీదకి మార్చేశాను, పాత వరుసలు తీసేశాను. థ్యాంక్స్ బ్రో.

డిలీట్లకి ఒక పని చేశాను: సర్వీస్ అకౌంట్‌తో (స్క్రిప్టు వాడే లాగిన్) బిల్లింగ్‌లో ఇప్పుడున్న ఐడీలన్నీ తెచ్చి ఒక తాత్కాలిక టేబుల్‌లో పెట్టి, నా టేబుల్‌లో ఉండి అందులో లేనివి చూశాను. 97 వచ్చాయి. ఇవన్నీ డిలీట్ కొట్టేస్తున్నాను. 97, 35 కలిపితే 132 అవుతోంది, రావాల్సింది 123 కదా, ఆ తొమ్మిది ఏంటో తర్వాత చూస్తాను.

అడ్మిన్‌అక్క | సోమవారం, మధ్యాహ్నం 2:09

ఆగండి ఆగండి. ఇంకా కొట్టకపోతే దయచేసి కొట్టకండి.

నేను ఎనిమిదేళ్లుగా జిరా అడ్మిన్‌ని. మీరు తెచ్చింది "ప్రాజెక్టులో ఉన్న ఐడీల" జాబితా కాదు, "మీ సర్వీస్ అకౌంట్‌కి కనిపించే ఐడీల" జాబితా. ఆ రెండూ ఒకటి కావాలని లేదు. జిరాలో ఒక టికెట్ డిలీట్ అయినా, చూసే హక్కు మీకు లేకపోయినా, అడిగితే వచ్చే జవాబు ఒకటే: 404, ఇలాంటిది లేదు, లేదా చూసే అనుమతి మీకు లేదు. కావాలనే అలా పెట్టారు. 'ఉంది కానీ నీకు చూపించను' అంటే అదే ఒక సమాచారం లీకైనట్టు కదా.

ప్రాజెక్టు చూసే అనుమతి ఉంటే అన్నీ కనిపిస్తాయని అందరూ అనుకుంటారు. దానిపైన ఇష్యూ సెక్యూరిటీ లెవెల్ అని ఇంకో తాళం ఉంటుంది. ఆ లెవెల్‌లో మీ అకౌంట్ లేకపోతే సెర్చ్‌లో ఆ టికెట్లు నిశ్శబ్దంగా జారిపోతాయి. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు, 200, అంటే అంతా బాగానే ఉందని వస్తుంది. మీ సెక్యూరిటీ ప్రాజెక్టులో 236 తక్కువ దాదాపు అంతా ఇదే అని నా అనుమానం. ఆ 97లో కూడా మొదట అందరికీ కనిపించి, తర్వాత ఎవరో లెవెల్ పెట్టినవి కొన్ని ఉంటాయి. అవి డిలీట్ అయినవి కావు.

కొత్తకుండ | సోమవారం, మధ్యాహ్నం 2:14

అక్కా, చెయ్యి బటన్ మీదే ఉంది. ఆపేశాను.

నిద్రలేనిసర్వర్ | సోమవారం, మధ్యాహ్నం 2:30

అక్క చెప్పినదానికి నా అనుభవం ఒకటి జోడిస్తా. ఒకసారి మా సర్వీస్ అకౌంట్‌ని ఎవరో గ్రూపు క్లీనప్‌లో తీసేశారు. రాత్రి ఐడీల పోలిక జాబ్ నడిచింది, జాబితా దాదాపు ఖాళీగా వచ్చింది, స్క్రిప్టు అమాయకంగా "ఓహో అన్నీ డిలీట్ చేశారన్నమాట" అనుకుని టేబుల్ మొత్తం ఊడ్చేసింది. స్నోఫ్లేక్‌లో టైమ్ ట్రావెల్ ఉండబట్టి బతికాం, మామూలుగా ఒకరోజు వెనక్కి వెళ్లొచ్చు కదా. అది శుక్రవారం జరిగి సోమవారం చూసుంటే ఏమయ్యేదో తలుచుకుంటేనే చెమటలు.

అప్పటి నుంచి రెండు రూల్స్. ఒకటి, వరుసని ఎప్పుడూ తీసేయం, డిలీటెడ్ అని ఒక జెండా, ఎప్పుడు గమనించామో ఒక తేదీ పెడతాం. రెండు, ఒక్క రాత్రిలో వందకి ఒకటి కంటే ఎక్కువ మాయమైతే జాబ్ ఆగిపోయి మమ్మల్ని లేపుతుంది. ఈ ఐడీల పోలిక పెద్ద బరువేం కాదు. ఐడీలు మాత్రమే అడిగితే కొత్త సెర్చ్ ఒక్క పేజీకి 5,000 దాకా ఇస్తుంది, మీ పదివేలు రెండు మూడు పిలుపుల్లో అయిపోతాయి. డిలీట్ వెబ్‌హుక్ (టికెట్ పోగానే జిరా తనే పంపే కబురు) కూడా పెట్టుకోవచ్చు, కానీ దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు, నీ సర్వర్ పడుకున్న సమయంలో వచ్చిన కబురు పోయినట్టే.

పట్టికలపిచ్చి | సోమవారం, సాయంత్రం 4:20

సరే, నా మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను. కనెక్టర్ కొన్నా దానికిచ్చేది ఇదే అకౌంట్, ఇదే టోకెన్ (పాస్‌వర్డ్ లాంటిది). తాళం వేసిన గది దానికీ కనపడదు. పేజీలూ, 429 (మరీ ఎక్కువసార్లు అడుగుతున్నావు) వస్తే రీట్రై ఆఫ్టర్ హెడర్ చూసి ఆగడమూ లాంటివి అది చూసుకుంటుంది, ఈ అనుమతుల గొడవ మాత్రం చూసుకోదు.

కొత్తకుండ | సోమవారం, రాత్రి 7:48

మా జిరా అడ్మిన్‌తో మాట్లాడాను. అక్కా, మీరు చెప్పింది అక్షరాలా నిజం. సెక్యూరిటీ ప్రాజెక్టులో 229 టికెట్లకి లెవెల్ ఉంది. బిల్లింగ్‌లో ఆ 97లో 6 అలాంటివే, అసలు డిలీట్ అయినవి 91.

కానీ ఇప్పుడు కొత్త గొడవ. సెక్యూరిటీ టీమ్ లీడ్ "ఆ టికెట్లలో ఇంకా సరిచేయని లోపాల వివరాలున్నాయి, స్నోఫ్లేక్‌లో సగం ఆఫీసుకి రీడ్ యాక్సెస్ ఉంది, అక్కడ పెట్టడానికి ఒప్పుకోను" అంటున్నారు. మేనేజర్ గారికేమో లెక్క కలవాలి.

లెక్కలతల్లి | సోమవారం, రాత్రి 8:30

ఆయన అన్నది న్యాయమే. జిరాలో ఎంత జాగ్రత్తగా తాళాలు వేసినా, డేటా బయటికి రాగానే ఆ తాళాలు వెంట రావు. స్నోఫ్లేక్‌లో చూసే రోల్ ఉన్నవాడికల్లా కనిపిస్తుంది. ఈ విషయం ఎవరూ అడగరు, మీ లీడ్ అడిగాడు, సంతోషం.

మీ మేనేజర్‌కి కావలసింది ఎన్ని ఉన్నాయి, ఎన్ని మూశారు, ఎన్నాళ్లు పట్టింది. దానికి టైటిల్ ఎందుకు, వివరణ ఎందుకు, కామెంట్లు ఎందుకు? ఏపీఐని అడిగేటప్పుడే ఫీల్డుల జాబితా తగ్గించండి: ఐడీ, ప్రాజెక్టు, రకం, స్టేటస్, సృష్టించిన తేదీ, మారిన తేదీ, మూసిన తేదీ. అసలు తెచ్చుకోనిది లీక్ కాదు. ఎలాగూ ఏపీఐ వెర్షన్ 3లో వివరణ మామూలు టెక్స్ట్‌గా రాదు, డాక్యుమెంట్ ఫార్మాట్ అని జేసన్ చెట్టులా వస్తుంది, దాన్ని విప్పి చదవడమే ఒక పని. ఎవరికైనా పూర్తి వివరాలు తప్పదంటే అప్పుడు ఎవరికి ఏ వరుస కనిపించాలో చెప్పే రో యాక్సెస్ పాలసీ, విలువల్ని కప్పేసే మాస్కింగ్ పాలసీ ఉన్నాయి, కానీ స్నోఫ్లేక్‌లో ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ గానీ ఆపైది గానీ ఉండాలి.

సరే, ఇంకా లెక్క తేలలేదు. సెక్యూరిటీలో 236 పోతే 229 దొరికాయి, ఇంకా 7. బిల్లింగ్‌లో 91, 35 కలిపితే 126 ఎక్కువ ఉండాలి, మీకు 123 ఉంది, అంటే అక్కడా 3 రాలేదు. మొత్తం 10 టికెట్లు దారిలో పోయాయి. వాటి సృష్టించిన సమయాలు యూటీసీలో చూసి చెప్పండి. సర్వీస్ అకౌంట్ ప్రొఫైల్‌లో టైమ్‌జోన్ ఏముందో కూడా.

కొత్తకుండ | మంగళవారం, ఉదయం 9:50

చూశాను. వింత ఏంటంటే పదికి పదీ యూటీసీ 00:00కీ 05:00కీ మధ్య సృష్టించినవే. ప్రొఫైల్‌లో టైమ్‌జోన్ యూటీసీకి అయిదు గంటలు వెనక ఉంది. అకౌంట్ తెరిచినవాళ్లు అలా పెట్టారు, నేనెప్పుడూ చూడలేదు. మనిషి లాగిన్ అవ్వని అకౌంట్‌కి టైమ్‌జోన్‌తో పనేంటండీ?

లెక్కలతల్లి | మంగళవారం, ఉదయం 10:15

పని ఉంది నాయనా, అక్కడే ఉంది. జేక్యూఎల్‌లో (జిరాలో టికెట్లు వెతికే భాష) మీరు "అప్‌డేటెడ్ ఫలానా తేదీ 00:00 తర్వాత" అని రాస్తే, ఆ 00:00ని జిరా అడిగినవాడి ప్రొఫైల్ టైమ్‌జోన్‌లో చదువుతుంది. మీరు యూటీసీ అనుకుని రాశారు, అది ఆ అకౌంట్ గడియారం చూసి యూటీసీ 05:00 నుంచి మొదలుపెట్టింది. అంటే ప్రతిరోజూ మొదటి అయిదు గంటలు మీ జాబ్‌కి లేనట్టే. మీ టీమ్‌లో చాలామంది ఆ వేళల్లో పనిలో ఉండకపోవచ్చు, పైగా తర్వాతెప్పుడో మళ్లీ మారిన టికెట్ ఎలాగూ వచ్చేస్తుంది, అందుకే పదితో పోయింది.

కానీ సంతోషించకండి. కౌంట్‌లో కనిపించేది అసలు రాని టికెట్లే. ఆ అయిదు గంటల్లో స్టేటస్ మారి, ఆ తర్వాత ఎవరూ ముట్టుకోని పాత టికెట్లు ఉంటాయి చూడండి, అవి మీ టేబుల్‌లో ఉన్నాయి, లెక్కకీ సరిపోతాయి, కానీ జిరాలో 'డన్' అయితే మీ దగ్గర ఇంకా 'ఇన్ ప్రోగ్రెస్'. అవి ఎన్నో మీకు ఇప్పుడు తెలియదు. ఒకసారి మొత్తం మళ్లీ లాగండి, వేరే దారి లేదు.

మాటలుతక్కువ | మంగళవారం, ఉదయం 10:18

ఒక్క నిమిషం. నా ప్రొఫైల్ చూసుకొస్తా.

నిద్రలేనిసర్వర్ | మంగళవారం, ఉదయం 10:52

టైమ్‌జోన్ తలనొప్పి శాశ్వతంగా పోవాలంటే అసలు గడియారం సమయమే రాయకు బ్రో. జేక్యూఎల్‌లో "ఇప్పటి నుంచి ఇన్ని నిమిషాలు వెనక్కి" అని రాయొచ్చు. చివరిసారి సక్సెస్ అయిన జాబ్ మొదలైన సమయానికీ ఇప్పటికీ ఎన్ని నిమిషాలో లెక్కేసి, దానికి ఇంకో రెండు గంటలు కలిపి అడుగు. మొదలైన సమయం అన్నాను, ముగిసిన సమయం కాదు, జాబ్ నడుస్తుండగా మారినవి ఆ సందులో పోతాయి. కొత్త సెర్చ్‌లో ఇప్పుడే చేసిన మార్పు వెంటనే కనపడకపోవచ్చు కూడా, ఆ రెండు గంటలు దానికీ పనికొస్తాయి. ఎక్కువ వచ్చినా నష్టం లేదు, మెర్జ్ ఐడీ మీద ఉంది కాబట్టి ఒకే టికెట్ పదిసార్లు వచ్చినా వరుస ఒకటే. స్క్రిప్టు రెండు రోజులు పడుకుని లేచినా తనే 2,880 నిమిషాలు, ఇంకో 120 వెనక్కి వెళ్తుంది.

ఇంకోటి, జిరా తేదీల చివర ఆఫ్‌సెట్ (యూటీసీకి ఎంత తేడానో చెప్పే అంకె) మధ్యలో కోలన్ లేకుండా, ప్లస్ 0000 లాగా వస్తుంది. స్నోఫ్లేక్ తనంతట తనే పోల్చుకుంటుందని వదిలేయకుండా ఫార్మాట్ చేత్తో రాసి, టైమ్‌జోన్ ఉండే టైమ్‌స్టాంప్ రకంలోకే మార్చు. ఆఫ్‌సెట్ లేని రకంలో పెట్టావంటే ఈ కథంతా మళ్లీ మొదటికొస్తుంది.

పట్టికలపిచ్చి | మంగళవారం, మధ్యాహ్నం 12:30

కాస్త పక్కదారి. రోజుకోసారి అంటున్నారు కాబట్టి ఇప్పుడు మీకు పెద్దగా ఖర్చు లేదు, కానీ లెక్క కలవగానే మేనేజర్ "అయిదు నిమిషాలకోసారి రావాలి" అంటారు, రాసిపెట్టుకోండి. స్నోఫ్లేక్‌లో వేర్‌హౌస్ అంటే డేటా దాచే గోడౌన్ కాదు, లెక్కలు నడిపే మోటారు. లేచిన ప్రతిసారీ కనీసం 60 సెకన్లకి కడతారు, పని లేకపోతే ఎంతసేపటికి పడుకోవాలో చెప్పే ఆటో సస్పెండ్‌ని మీరు మార్చకపోతే అది 600 సెకన్లు. పది నిమిషాలకి పడుకునే మోటారుని అయిదు నిమిషాలకోసారి లేపితే అది అసలు పడుకోదు. అన్నిటికంటే చిన్న ఎక్స్ స్మాల్ సైజుకి గంటకి ఒక క్రెడిట్ (స్నోఫ్లేక్ బిల్లు యూనిట్), అంటే రోజుకి 24 క్రెడిట్లు, పాతిక టికెట్ల కోసం. సస్పెండ్‌ని 60కి దించి, గంటకోసారి చాలని ఒప్పించండి.

అడ్మిన్‌అక్క | మంగళవారం, మధ్యాహ్నం 1:05

నేను కూడా ఒకటి చెప్పి పోతాను. మీ ఏపీఐ టోకెన్ ఎప్పుడు తీసుకున్నారో చూసుకోండి. ఇప్పుడు కొత్తగా తీసుకునేవాటికి గరిష్ఠంగా ఏడాదే ఆయుష్షు. గడువుకి నెల ముందు క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి, అదీ మీ ఒక్కరి క్యాలెండర్‌లో కాదు. సొంత పేరు మీద టోకెన్ తీసుకున్నవాళ్లు ఉద్యోగం మారితే ఆ రోజే డ్యాష్‌బోర్డు చచ్చిపోవడం నేను చాలాసార్లు చూశాను.

కొత్తకుండ | బుధవారం, సాయంత్రం 5:35

అప్‌డేట్. నిన్న రాత్రి సెక్యూరిటీ టీమ్ లీడ్ ఒప్పుకున్నారు. వాళ్ల ప్రాజెక్టుకి లెక్కలతల్లి గారు చెప్పిన ఏడు ఫీల్డులే, ఇంకేం రాదు. అంతకుముందే లెవెల్ లేనప్పుడు వచ్చేసిన ఆ 6 బిల్లింగ్ టికెట్ల టైటిల్, వివరణ కూడా చెరిపేయమన్నారు. పచ్చి జేసన్ స్టేజ్‌లోనూ ఉంటుందని అప్పుడు గుర్తొచ్చి అక్కడి ఫైళ్లు కూడా తీసేశాను. మొత్తం మళ్లీ లాగాను. 91కి జెండా పెట్టాను. బిల్లింగ్ 8,140, సెక్యూరిటీ 2,310. అటూ ఇటూ ఒక్కటి కూడా తేడా లేదు. స్టేటస్ పాతగా ఉండిపోయినవి 64 బయటపడ్డాయి, లెక్కలతల్లి గారూ, మీ మాట గుర్తొచ్చి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

మీటింగ్‌లో మేనేజర్ గారు మొత్తం చూసి, తల ఊపి, "బావుంది. మరి స్టోరీ పాయింట్లు (పని ఎంత పెద్దదో అంచనా) జిరాలో ఉన్నదాంట్లో సగమే చూపిస్తోందేంటి?" అన్నారు.

లెక్కలతల్లి | బుధవారం, సాయంత్రం 5:52

రెండు ప్రాజెక్టుల్లో ఒకటి కంపెనీ మేనేజ్డ్ (అడ్మిన్లు సెట్ చేసేది), ఇంకోటి టీమ్ మేనేజ్డ్ (టీమే సెట్ చేసుకునేది) అయ్యుంటుంది. మొదటిదాంట్లో ఆ ఫీల్డు పేరు స్టోరీ పాయింట్స్, రెండోదాంట్లో స్టోరీ పాయింట్ ఎస్టిమేట్. చూడ్డానికి ఒకటే, కస్టమ్ ఫీల్డు నంబర్లు వేరు. మీ స్క్రిప్టు ఒకదాన్నే తెస్తోంది. ఫీల్డుల ఎండ్‌పాయింట్‌లో రెండింటి నంబర్లూ చూసి, ఏది ఖాళీగా లేకపోతే దాన్ని తీసుకోమనండి.

కొత్తకుండ | బుధవారం, సాయంత్రం 6:20

అదే. పది నిమిషాల పని. సెక్యూరిటీ లీడ్‌కి ఫోన్ చేసి ఎనిమిదో ఫీల్డుకి పర్మిషన్ అడగడానికే ఎక్కువసేపు పట్టింది.

మాటలుతక్కువ | బుధవారం, సాయంత్రం 6:41

నాదీ టైమ్‌జోనే. మూడు గంటలు వెనక ఉంది. రీలోడ్ పెట్టాను.